సీనియర్ ఇంటర్ మ్యాథ్స్ 2బి: ఇంటిగ్రేషన్, వైశాల్యాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పరీక్షలు దగ్గర పడేకొద్దీ సీనియర్ ఎంపీసీ విద్యార్థులు ఇంటిగ్రేషన్ గురించి అడిగే ప్రశ్నలు ఇవి. క్లాసులో పలికినట్టే ఎక్స్, వై, డీఎక్స్ అని రాశాను. నోట్‌బుక్‌లో వాటిని ఎలా రాయాలో మీకు తెలుసు. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, లెక్క వచ్చిన చోటల్లా ఆగి మీరు చేసి చూసుకుని ముందుకెళ్తేనే ఇదంతా చదివినందుకు ఫలితం.

2బి పేపర్‌లో ఇంటిగ్రేషన్‌కి ఎన్ని మార్కులు?

ఏళ్ల తరబడి నడిచిన 75 మార్కుల పేపర్ సంగతి చెప్తాను. 2 మార్కుల ప్రశ్నలు 10, అన్నీ రాయాలి. 4 మార్కులవి 7 ఇస్తారు, 5 రాయాలి. 7 మార్కులవి 7 ఇస్తారు, 5 రాయాలి. చాయిస్ కూడా కలుపుకుంటే పేపర్ మీద ఉండేవి 97 మార్కులు. వాటిలో మామూలుగా అనిశ్చిత సమాకలనం (సమాకలనం అంటే ఇంటిగ్రేషనే) నుంచి 18, నిశ్చిత సమాకలనం నుంచి 15, అవకల సమీకరణాల నుంచి 13 వస్తాయి. అవకల సమీకరణం సాధించాలన్నా ఆఖరికి చేసేది ఇంటిగ్రేషనే కాబట్టి మొత్తం 46, అంటే పేపర్‌లో దాదాపు సగం. మిగతా సగాన్ని వృత్తాలు, పరావలయం, దీర్ఘవృత్తం, అతిపరావలయం పంచుకుంటాయి.

ఒక జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరం గణితం ఎ, బి పేపర్లను కలిపి ఒకే పేపర్ చేశారు. కాబట్టి మీ బ్యాచ్‌కి ఏ నమూనా వర్తిస్తుందో ఇంటర్ బోర్డు మోడల్ పేపర్ చూసి నిర్ధారించుకోండి. సీనియర్లు ఇచ్చిన పాత పేపర్లతో మార్కుల లెక్క వేసుకోకండి. వాటిలోని లెక్కలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి.

నాకు పాసైతే చాలు. ఇంటిగ్రేషన్ వదిలేయొచ్చా?

75 మార్కుల పేపర్‌లో పాస్ మార్కు 26. వృత్తాలతోనే గట్టెక్కిపోదామని చాలామంది అనుకుంటారు, కొంతమంది గట్టెక్కుతారు కూడా. కానీ ఇంటిగ్రేషన్‌లో 2 మార్కుల ప్రశ్నలు పేపర్ మొత్తంలోకే తేలికైన వాటిలో ఉంటాయి. నిశ్చిత సమాకలనం నుంచి వచ్చే 7 మార్కుల ప్రశ్న కూడా ఎక్కువగా తెలిసిన నాలుగైదు రకాల్లోంచే వస్తుంది. పూర్తిగా వదిలేస్తే చేతికందే మార్కుల్ని వదులుకున్నట్టే. సమయం తక్కువగా ఉంటే సూత్రాలతో నేరుగా వచ్చే 2 మార్కులవి, నిశ్చిత సమాకలన ధర్మాలు, వైశాల్యాలు, చలరాశులను విడదీసే అవకల సమీకరణాలు చూడండి. అనిశ్చితంలో వచ్చే పొడుగు లెక్కల్ని ఆఖరికి పెట్టుకోండి.

సూత్రాలన్నీ వచ్చు. అయినా లెక్క ముందుకు కదలడం లేదు. ఎందుకు?

సూత్రం తెలియడం వేరు, ఈ లెక్కకి ఏ సూత్రం అని పోల్చుకోవడం వేరు. అవకలనంలో ఈ బాధ లేదు. ఏ ప్రమేయం ఇచ్చినా నియమాలు వరసగా పెట్టుకుంటూ పోతే జవాబు వచ్చేస్తుంది. ఇంటిగ్రేషన్‌లో అలా దారి చూపించే నియమం ఉండదు, లెక్క రూపం చూసి పోల్చుకోవాలి. అందుకే ఇక్కడ వెయ్యి లెక్కలు చూసినవాడి కన్నా వంద లెక్కల్ని రకాలుగా విడగొట్టుకున్నవాడు ముందుంటాడు.

ఈ నాలుగింటినీ ఒకదాని కింద ఒకటి రాసుకోండి. హారంలో ఎక్స్² + 4 ఉండి, లవంలో 1 ఉంటే జవాబు ½ టాన్ ఇన్వర్స్ (ఎక్స్/2). లవంలో ఎక్స్ ఉంటే అది హారం అవకలనంలో సగం, కాబట్టి ½ లాగ్ (ఎక్స్² + 4). లవంలో ఎక్స్² ఉంటే పైనా కిందా ఘాతం సమానం కాబట్టి ముందు భాగించాలి, 1 − 4/(ఎక్స్² + 4) అవుతుంది, జవాబు ఎక్స్ − 2 టాన్ ఇన్వర్స్ (ఎక్స్/2). ఇక లవంలో 1 ఉంచి హారంలో ప్లస్‌ని మైనస్ చేస్తే టాన్ ఇన్వర్స్ మాయమై ¼ లాగ్ |(ఎక్స్ − 2)/(ఎక్స్ + 2)| వస్తుంది. చూడ్డానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నా జవాబులకు పోలిక లేదు. పరీక్షలో తడబడేది ఇలాంటి చోటే.

కొత్త లెక్క కనపడగానే నేను చూడమని చెప్పే వరస ఇది. దీన్ని శిలాశాసనం అనుకోవద్దు.

ముందు, ఇచ్చినదాన్ని చిన్నది చేయగలమా? 1/(1 + కాస్ ఎక్స్) ఇస్తే ప్రతిక్షేపణ వెతక్కండి. 1 + కాస్ ఎక్స్ అంటే 2 కాస్² (ఎక్స్/2). మిగిలేది ½ సెక్² (ఎక్స్/2), జవాబు టాన్ (ఎక్స్/2). ఒక్క లైను.

చిన్నది కాకపోతే, ఒక ముక్క అవకలనం పక్కనే గుణకారంలో ఉందా? ఉంటే ఆ ముక్కని టి అనుకోండి. అదీ లేదు, రెండు వేరు రకాల ప్రమేయాల లబ్ధం ఉంది అంటే బై పార్ట్స్ (విభాగ సమాకలనం). ఏది మొదటి ప్రమేయం అన్నదానికి ఐలేట్ వరస మీకు తెలిసిందే: విలోమ త్రికోణమితి, లాగ్, బీజీయం, త్రికోణమితి, ఘాతీయం. లాగ్ ఎక్స్ ఒక్కటే ఇచ్చినా పక్కన 1 ఉందనుకుని బై పార్ట్సే చేయాలి, ఎక్స్ లాగ్ ఎక్స్ − ఎక్స్ వస్తుంది.

ఈ పవర్ ఎక్స్ (eˣ) కనపడితే బై పార్ట్స్‌కి పరుగెత్తే ముందు ఒక్క క్షణం ఆగండి. మిగిలింది ఒక ప్రమేయం, దాని అవకలనం కలిసిన మొత్తమా? (1 + ఎక్స్)/(2 + ఎక్స్)² ఇచ్చారనుకోండి. లవాన్ని (2 + ఎక్స్) − 1 అని రాస్తే 1/(2 + ఎక్స్) − 1/(2 + ఎక్స్)² అవుతుంది. రెండోది మొదటిదాని అవకలనమే. కాబట్టి జవాబు ఈ పవర్ ఎక్స్ బై (2 + ఎక్స్). ఈ రకం 2 మార్కులకు రావడం మామూలే. తెలియనివాడు దానికోసం అరపేజీ రాస్తాడు.

బహుపది బై బహుపది అయితే పాక్షిక భిన్నాలు, కానీ లవం ఘాతం హారం కన్నా తక్కువ ఉంటేనే. వర్గమూలం లోపల వర్గసమాసం ఉంటే పూర్తి వర్గం చేయడం. హారంలో 5 + 4 కాస్ ఎక్స్ లాంటిది ఉంటే టాన్ (ఎక్స్/2) ని టి అనుకోవడం. ఆ లెక్క చేసి చూడండి: హారం 9 + టి² అవుతుంది, జవాబు ⅔ టాన్ ఇన్వర్స్ (⅓ టాన్ (ఎక్స్/2)).

సాధనకి ఒక పద్ధతి. అభ్యాసంలోంచి కలగాపులగంగా 30 లెక్కలు తీసుకుని, చేయకుండా ఒక్కోదాని పక్కన ఏ పద్ధతో మాత్రం రాయండి. అరగంట కూడా పట్టదు. తర్వాత సరిచూసుకుంటే మీ బలహీనత ఎక్కడుందో తెలిసిపోతుంది. అభ్యాసం 6(బి)లోని లెక్కలన్నీ వరసగా చేస్తే ఈ సంగతి తెలియదు, ఎందుకంటే అక్కడ పద్ధతి ఏమిటో అభ్యాసం పేరే ముందుగా చెప్పేస్తుంది.

7 మార్కులకు అనిశ్చిత సమాకలనంలో ఏవి తప్పక చూడాలి?

లఘూకరణ సూత్రాలు, అంటే ఘాతాన్ని మెట్టుమెట్టుగా తగ్గించేవి, మొదటివి. సైన్ పవర్ ఎన్, కాస్ పవర్ ఎన్, టాన్ పవర్ ఎన్, సెక్ పవర్ ఎన్ నాలుగూ ఉత్పాదనతో సహా రావాలి. వెంటనే ఎన్ = 4 లేదా 5 కి విలువ కట్టమంటారు. సైన్, కాస్ రెండింటిలోనూ బై పార్ట్స్ చేశాక అదే సమాకలని కుడివైపు మళ్లీ కనపడుతుంది, దాన్ని ఎడమకి తెచ్చుకోవడమే కిటుకు. టాన్‌కి బై పార్ట్స్ అక్కర్లేదు, టాన్² ని సెక్² − 1 అని రాస్తే చాలు.

రెండోది (2 సైన్ ఎక్స్ + 3 కాస్ ఎక్స్ + 4) బై (3 సైన్ ఎక్స్ + 4 కాస్ ఎక్స్ + 5) రకం. లవాన్ని ఎ రెట్లు హారం, బి రెట్లు హారం అవకలనం, ఒక స్థిరం కలిపిన మొత్తంగా రాయాలి. గుణకాలు పోలిస్తే ఎ = 18/25, బి = 1/25, స్థిరం 2/5 వస్తాయి. మొదటి ముక్క నుంచి ఎక్స్, రెండోదాని నుంచి లాగ్ వస్తాయి. మూడోదానికి మళ్లీ టాన్ (ఎక్స్/2). చాలామంది మూడో ముక్క దగ్గర అలిసిపోయి ఆపేస్తారు. అక్కడిదాకా చేసినదానికి స్టెప్ మార్కులు పడతాయి, కాబట్టి కొట్టేయకుండా ఉంచండి.

నా జవాబు, పుస్తకం జవాబు వేరుగా ఉన్నాయి. తప్పు నాదేనా?

కాకపోవచ్చు. సైన్ ఎక్స్ · కాస్ ఎక్స్ ని ముగ్గురు చేశారనుకోండి. ఒకరికి ½ సైన్² ఎక్స్, ఇంకొకరికి −½ కాస్² ఎక్స్, మూడోవారికి −¼ కాస్ 2ఎక్స్ వస్తాయి. మూడూ సరైనవే, వాటి మధ్య తేడా ఒక స్థిరం మాత్రమే. చివర రాసే “+ సి” ఆ తేడాని తనలో కలిపేసుకుంటుంది. సి రాయకపోతే మార్కు పోవడానికి కారణం కూడా అదే, అది మూల్యాంకనం చేసేవారి చాదస్తం కాదు.

అనుమానం వస్తే మీ జవాబుని అవకలనం చేయండి. ఇచ్చిన ప్రమేయం వెనక్కి వస్తే పుస్తకం ఏం చెప్పినా మీది ఒప్పే. గణితంలో ఇంత సులువుగా సరిచూసుకునే వీలున్న అధ్యాయం ఇంకొకటి లేదు. అయినా పరీక్షలో దీన్ని వాడేవాళ్లు అరుదు.

నిశ్చిత సమాకలనంలో తరచుగా పోయే మార్కులు ఏవి?

మొదటిది, టి అనుకున్నాక అవధులు మార్చకపోవడం. సైన్² ఎక్స్ · కాస్ ఎక్స్, 0 నుంచి π/2 వరకు. సైన్ ఎక్స్ = టి అంటే అవధులు 0 నుంచి 1 అవుతాయి, జవాబు ⅓. పాత అవధులే ఉంచితే π³/24 అని ఏదో వస్తుంది. అవధులు మార్చండి, లేదా జవాబుని తిరిగి ఎక్స్‌లోకి తెచ్చి పాత అవధులు వేయండి. రెండూ కలిపితే మాత్రం లెక్క పోయినట్టే.

రెండోది ధర్మాలను గుర్తుపట్టకపోవడం. 0 నుంచి π/2 వరకు √సైన్ బై (√సైన్ + √కాస్) ని నేరుగా చేయబోతే పేజీలు నిండుతాయి. ఎక్స్ బదులు π/2 − ఎక్స్ పెట్టండి. సైన్ కాస్ అవుతుంది, కాస్ సైన్ అవుతుంది. రెండు రూపాలనూ కూడితే లోపల 1 మిగులుతుంది, ఇచ్చిన సమాకలనిని ఐ అంటే 2ఐ = π/2, జవాబు π/4. వర్గమూలం బదులు ఏ ఘాతం ఇచ్చినా అదే జవాబు. ఇదే ఉపాయంతో లాగ్ (1 + టాన్ ఎక్స్), 0 నుంచి π/4 వరకు, (π/8) లాగ్ 2 వస్తుంది. ఎక్స్ సైన్ ఎక్స్ బై (1 + సైన్ ఎక్స్), 0 నుంచి π వరకు, π²/2 − π వస్తుంది. ఈ మూడో లెక్కలో లవంలోని ఎక్స్‌ని వదిలించుకోవడానికే ధర్మం వాడుతున్నామని గ్రహిస్తే ఆ రకం లెక్కలన్నీ వచ్చినట్టే.

0 నుంచి π/2 వరకు సైన్ పవర్ ఎన్ సూత్రంలో, ఎన్ సరిసంఖ్య అయితేనే చివర π/2 వస్తుంది. సైన్⁴ కి ¾ · ½ · π/2 = 3π/16. సైన్⁵ కి ⅘ · ⅔ = 8/15, π లేదు.

ఇంకా మొత్తం అవధిగా ఇచ్చే లెక్క ఉంటుంది: 1/(ఎన్+1) + 1/(ఎన్+2) + … + 1/6ఎన్. భయపెట్టేలా ఉంటుంది గానీ 1/ఎన్ బయటికి తీస్తే 0 నుంచి 5 వరకు 1/(1 + ఎక్స్) సమాకలనమే, లాగ్ 6. పై అవధి 5 ఎందుకయిందో మీరే ఆలోచించండి.

వైశాల్యం లెక్కల్లో బొమ్మ తప్పనిసరా? నాకు బొమ్మలు సరిగ్గా రావు.

తప్పనిసరి. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే. వైశాల్యం లెక్కల్లో మార్కులు ఇంటిగ్రేషన్ దగ్గర పోవడం తక్కువ, అంతకుముందే పోతాయి. ఏది పైన ఉంది, ఏది కింద ఉంది, ఎక్కడ నుంచి ఎక్కడిదాకా అన్నవి తేలకుండానే ∫ గుర్తు గీసేస్తారు. అందంగా గీయనక్కర్లేదు, స్కేలు అక్కర్లేదు. వక్రం ఎటు తెరుచుకుంది, అక్షాలను ఎక్కడ ఖండిస్తుంది, రెండు వక్రాలు ఎక్కడ కలుస్తాయి, అడిగిన ప్రాంతం ఏది అన్నవి కనపడితే చాలు. ఆ ప్రాంతాన్ని గీతలతో నింపండి.

బొమ్మ లేకపోతే ఏమవుతుందో చూడండి. వై = సైన్ ఎక్స్, ఎక్స్ అక్షం, 0 నుంచి 2π వరకు వైశాల్యం అడిగారు. నేరుగా ఇంటిగ్రేట్ చేస్తే సున్నా. ఎదురుగా రెండు బుట్టలంత ప్రాంతం కనపడుతుంటే వైశాల్యం సున్నా ఎలా అవుతుంది? అక్షం కింద ఉన్న భాగం రుణాత్మకంగా లెక్కలోకి వచ్చి పైదాన్ని కొట్టేసింది. 0 నుంచి π వరకు 2, π నుంచి 2π వరకు −2. రెండో దాని గుర్తు మార్చి కూడితే 4 చదరపు యూనిట్లు. నిశ్చిత సమాకలని రుణాత్మకం కావచ్చు, వైశాల్యం కాకూడదు.

ఇలాంటిదే ఇంకో ఉచ్చు. 1/ఎక్స్² ని −1 నుంచి 1 వరకు సూత్రంతో చేస్తే −2 వస్తుంది. ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ప్రమేయానికి రుణాత్మక జవాబు! మధ్యలో ఎక్స్ = 0 దగ్గర ప్రమేయం నిర్వచితమే కాదు, కాబట్టి అక్కడ సూత్రం వాడే హక్కే లేదు. బొమ్మ గీస్తే ఆ గోడ కనపడుతుంది.

రెండు వక్రాల మధ్య వైశాల్యం ఒక లెక్కతో చూపిస్తారా?

వై² = 4ఎక్స్, ఎక్స్² = 4వై తీసుకుందాం. మొదటిది కుడివైపు తెరుచుకున్న పరావలయం, రెండోది పైకి తెరుచుకున్నది. రెండోదాని నుంచి వై = ఎక్స్²/4 ని మొదటిదానిలో పెడితే ఎక్స్ = 0, 4. అంటే (0, 0), (4, 4) దగ్గర కలుస్తాయి. మధ్యలో ఏది పైనుంది? ఎక్స్ = 1 పెట్టి చూడండి. మొదటిదానిలో వై = 2, రెండోదానిలో ¼. కాబట్టి 2√ఎక్స్ పైనుంది. 0 నుంచి 4 వరకు 2√ఎక్స్ − ఎక్స్²/4 ని ఇంటిగ్రేట్ చేస్తే 32/3 − 16/3 = 16/3 చదరపు యూనిట్లు.

ఇప్పుడు బొమ్మని మళ్లీ చూడండి. రెండు బిందువుల మధ్య 4 × 4 చదరం ఉంది, వైశాల్యం 16. మనకొచ్చింది సరిగ్గా అందులో మూడో వంతు. పైన మిగిలిన ముక్క, కింద మిగిలిన ముక్క కూడా చెరో 16/3. ఈ రెండు పరావలయాలు ఆ చదరాన్ని మూడు సమభాగాలు చేస్తాయని చూపమనడం కూడా పాత ప్రశ్నే, ఇప్పుడు అదీ వచ్చేసింది.

డీఎక్స్ పెట్టాలా, డీవై పెట్టాలా? ఎలా తెలుస్తుంది?

ప్రాంతంలో నిలువుగా ఒక పట్టీ గీయండి. అది ఎక్కడ గీసినా పైకొస ఒకే వక్రం మీద, కిందికొస ఒకే వక్రం మీద ఉంటే డీఎక్స్. మధ్యలో వక్రం మారిపోతుంటే అడ్డంగా పట్టీ గీసి చూడండి. అది కుదిరితే డీవై.

వై² = 4ఎక్స్, వై = 2ఎక్స్ − 4 మధ్య ప్రాంతం తీసుకోండి. ఖండన బిందువులు (1, −2), (4, 4). నిలువు పట్టీ కిందికొస ఎక్స్ = 1 దాకా పరావలయం మీదే ఉంటుంది, ఆ తర్వాత సరళరేఖ మీదికి మారుతుంది. కాబట్టి రెండు ముక్కలు: 0 నుంచి 1 వరకు 8/3, 1 నుంచి 4 వరకు 19/3, మొత్తం 9. అదే అడ్డ పట్టీ అయితే కుడికొస ఎప్పుడూ రేఖ మీద, ఎడమకొస ఎప్పుడూ పరావలయం మీద ఉంటాయి. వై −2 నుంచి 4 వరకు, (వై + 4)/2 − వై²/4 ని ఇంటిగ్రేట్ చేస్తే 20/3 + 7/3 = 9. ఒకే ముక్క, వర్గమూలం లేదు, తప్పు దొర్లే అవకాశం సగమైంది.

వై² ఉన్న పరావలయానికి, వాలుగా ఉన్న రేఖకి మధ్య ప్రాంతం అడిగితే ముందు డీవై ఆలోచించమని చెప్తాను. అలవాటు లేక విద్యార్థులు మొదట జంకుతారు, రెండు మూడు లెక్కలకి కుదురుకుంటారు.

దీర్ఘవృత్తం వైశాల్యం πఎబి అని నేరుగా రాసేయొచ్చా?

ప్రశ్న దాన్నే కనుక్కోమంటే రాయకూడదు, సాధించి చూపాలి. మొదటి పాదంలో వైశాల్యం కట్టి 4 తో గుణించండి, సౌష్ఠవం వల్ల అని ఒక ముక్క రాయండి. ఎక్స్ = ఎ సైన్ తీటా పెడితే రెండు లైన్లలో తేలుతుంది. వృత్తం వైశాల్యం దీనికే అనుబంధంగా అడుగుతారు, బి బదులు ఎ పెడితే πఎ².

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌కి ఇంత వివరంగా చేసే టైం ఎక్కడిది?

నిజమే. అక్కడ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితానివే. ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు.

పరావలయానికి, దాన్ని కోసే రేఖకి మధ్య వైశాల్యానికి ఒక అడ్డదారి ఉంది. వై = ఎఎక్స్² + … రూపంలో ఉన్న పరావలయాన్ని రేఖ ఎక్స్ = పి, ఎక్స్ = క్యూ దగ్గర కోస్తే వైశాల్యం |ఎ| (క్యూ − పి)³ / 6. వై = ఎక్స్², వై = ఎక్స్ + 2 అయితే −1, 2 దగ్గర కలుస్తాయి, 27/6 అంటే 9/2. డీఎక్స్, డీవై ప్రశ్నలోని లెక్కని దీనితో సరిచూడండి: ఎక్స్ = వై²/4, వై తేడా 6, కాబట్టి ¼ × 216/6 = 9. మూడు లైన్లు ఒక లైనైంది.

ఇది ఏ కోచింగ్ సెంటర్ వారో కనిపెట్టిన షార్ట్‌కట్ అనుకోకండి. పరావలయం, జ్యా (దాన్ని కోసే రేఖ లోపలి ముక్క) మధ్య ప్రాంతం ఒక నిర్దిష్ట త్రిభుజానికి 4/3 రెట్లు ఉంటుందని ఆర్కిమెడిస్ క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే నిరూపించాడు. ఇంటిగ్రేషన్ గుర్తు పుట్టడానికి ఇంకా 1900 ఏళ్లు ఉంది. జ్యా రెండు కొసలూ, వాటి ఎక్స్ విలువల సరాసరి దగ్గర పరావలయం మీద ఉన్న బిందువూ ఆ త్రిభుజం శీర్షాలు. వై = ఎక్స్² లెక్కలో త్రిభుజం 27/8, దానికి 4/3 రెట్లు 9/2.

బిట్ పేపర్‌లో ఇంకో ఆయుధం అంచనా. వై = సైన్ ఎక్స్, 0 నుంచి π వరకు వైశాల్యం π × 1 దీర్ఘచతురస్రం కన్నా తక్కువ, అంటే 3.14 లోపు. లోపల ఇమిడే త్రిభుజం π/2 కన్నా ఎక్కువ, అంటే 1.57 పైన. ఆప్షన్లలో 1, 2, 4, π ఉంటే లెక్క చేయకుండానే 2 అని తేలిపోయింది. అనిశ్చిత సమాకలనమైతే ఆప్షన్లను అవకలనం చేసి చూడటం ఒక్కోసారి తొందరగా అవుతుంది.

జేఈఈ మెయిన్ వేరు. గణితంలో 25 ప్రశ్నలే, తప్పుకి ఒక మార్కు కోత. మాపకం, గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం (ఎక్స్‌ని మించని అతి పెద్ద పూర్ణాంకాన్ని ఇచ్చేది) కలిపిన లెక్కలు అక్కడ ఎక్కువ. అడ్డదారుల కన్నా అవధిని సరిగ్గా ముక్కలు చేయడం ముఖ్యం. గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం 0 నుంచి 3 వరకు అంటే 0 + 1 + 2 = 3, ఇంటిగ్రేషన్ సూత్రమే అక్కర్లేదు.

బోర్డు పరీక్షలో షార్ట్‌కట్ రాస్తే?

7 మార్కుల ప్రశ్నకి జవాబొక్కటే రాస్తే 7 రావు. బొమ్మ, ఖండన బిందువులు, సమాకలని అమరిక, సాధన, చివర చదరపు యూనిట్లు అని వరసగా కనపడాలి. షార్ట్‌కట్‌ని రఫ్ వర్క్‌లో సరిచూసుకోవడానికి వాడుకోండి.

ఫోన్ యాప్‌తో లెక్కలు చేసుకోవచ్చా?

మీరు చేశాక సరిచూసుకోవడానికి అయితే సరే. చేయకముందు చూస్తే పద్ధతిని పోల్చుకునే పనిని యాప్ చేసేస్తుంది, పరీక్షలో మీరు చేయాల్సింది సరిగ్గా ఆ పనే.

ఈ పవర్ మైనస్ ఎక్స్² ని ఇంటిగ్రేట్ చేద్దామని కూర్చున్నాను. ఎంతకీ రాలేదు.

రాదు. మీ లోపం కాదు. మనకు తెలిసిన బహుపదులు, త్రికోణమితి, లాగ్, ఘాతీయ ప్రమేయాలతో దాని జవాబుని రాయడం అసాధ్యమని నిరూపించారు. ఇలాంటి నిరూపణలకు దారి వేసింది 19వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు లియోవిల్. సైన్ ఎక్స్ బై ఎక్స్ కూడా ఇదే కోవలోది. సొంతంగా లెక్కలు తయారుచేసుకునే ఉత్సాహవంతులు ముందుగా ఒక ప్రమేయం రాసుకుని, దాన్ని అవకలనం చేసి, వచ్చినదాన్ని స్నేహితుడికి ఇవ్వండి. కచ్చితంగా జవాబున్న లెక్క అవుతుంది.

చివరి వారంలో ఏం చేయాలి?

కొత్త లెక్కలు ఆపేయండి. మీకు ఒకసారి తప్పిన లెక్కలే మళ్లీ, పుస్తకం మూసి. రోజుకి ఒక వైశాల్యం లెక్క పూర్తిగా బొమ్మతో, గడియారం పెట్టుకుని చేయండి. 3 గంటల పేపర్‌లో 7 మార్కుల ప్రశ్నకి 15 నిమిషాలు దాటితే టెన్షన్ మొదలవుతుంది, కాబట్టి ఆ లోపు ముగుస్తుందో లేదో ఇంట్లోనే తెలుసుకోవాలి. సూత్రాల పట్టిక ఒక్క పేజీలో మీ చేతిరాతతో ఉండాలి, జిరాక్స్ మెటీరియల్ లెక్కలోకి రాదు. నిద్ర తగ్గించుకుంటే ముందు పోయేది ప్లస్, మైనస్ గుర్తులే.

ఇంటర్ అయిపోతే దీని పని కూడా అయిపోతుందా?

బీటెక్ మొదటి సంవత్సరం గణితంలో ద్విసమాకలనులు వస్తాయి. అక్కడ చాలాసార్లు అవధులు మీకు ఇవ్వరు, ప్రాంతం ఇస్తారు. బొమ్మ గీసి అవధులు మీరే రాయాలి. సమాకలన క్రమాన్ని మార్చమని అడిగే ప్రశ్న, ఇక్కడ నిలువు పట్టీ బదులు అడ్డ పట్టీ గీసిన పనే. ఉదాహరణకి ఈ పవర్ వై² ని వై = ఎక్స్ నుంచి 1 వరకు, తర్వాత ఎక్స్ = 0 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేయమంటే మొదటి అడుగే పడదు. త్రిభుజం గీసి అడ్డ పట్టీ పెట్టండి. ఎక్స్ 0 నుంచి వై వరకు, వై 0 నుంచి 1 వరకు. లోపల వై · ఈ పవర్ వై² మిగులుతుంది, వై² = టి పెడితే జవాబు (ఈ − 1)/2.